నాటిన లెక్క, బతికిన లెక్క: మొక్కల పెంపకంలో నాణ్యతను ఎలా కొలుస్తారు?

క్లుప్తంగా: ఒకే చోట నాటిన మొక్కల గురించి రెండు మూడు రకాల శాతాలు వినిపిస్తుంటాయి. వాటిలో ఏదో ఒకటి అబద్ధమే అయి ఉండాలని లేదు. ఎప్పుడు లెక్కపెట్టారు, వేటిని లెక్కలోకి తీసుకున్నారు, చనిపోయిన చోట మళ్లీ నాటిన వాటిని ఏం చేశారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. లోపాలు ఎక్కువగా నర్సరీలో, నాటే రోజున పుడతాయి. బయటపడేది మాత్రం మొదటి వేసవిలో. తనిఖీ, చెల్లింపు రెండూ నాటిన రోజుతోనే ముగిస్తే ఆ లోపాలు ఎవరి ఖాతాలోనూ పడవు.

తొలకరి పడగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొక్కల లక్ష్యాల హడావిడి మొదలవుతుంది. జిల్లాకు ఇన్ని లక్షలు, మండలానికి ఇన్ని వేలు, ఊరికి ఇన్ని వందలు. వానాకాలం ముగిసేసరికి లక్ష్యం పూర్తయిందన్న నివేదికలు పైకి వెళ్తాయి. మళ్లీ ఏప్రిల్‌లో అదే రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ఖాళీ ట్రీగార్డులు కనిపిస్తాయి. దాంతో నివేదికలన్నీ బోగస్ అనే మాట పుడుతుంది. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. కానీ నివేదిక నిజాయితీగా రాసినా రోడ్డు ఖాళీగా ఉండే అవకాశం ఉంది. ఎందుకంటే ఆ నివేదిక చెప్పేది ఆగస్టు సంగతి, రోడ్డు చూపించేది ఏప్రిల్ సంగతి.

లక్ష్యాల వెనుక కథ

దేశంలో వన మహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు. దేశ భూభాగంలో మూడో వంతు పచ్చదనం ఉండాలన్న లక్ష్యం 1988 జాతీయ అటవీ విధానంలో ఉంది. రాష్ట్రాలు తరచూ చెప్పే 33 శాతం అక్కడిదే. 2015 జూలై 3న చిలుకూరులో మొదలైన ‘తెలంగాణకు హరితహారం’ కూడా రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచుతామనే ప్రకటించింది. ఇప్పుడు అక్కడ కార్యక్రమం వన మహోత్సవం పేరుతో నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినప్పుడల్లా ‘వనం-మనం’, ‘జగనన్న పచ్చతోరణం’ అంటూ పేర్లు మారాయి. పని తీరు దాదాపు ఒకటే.

హరితహారం లక్ష్యంగా చెప్పిన 230 కోట్ల అంకెను కాస్త విప్పి చూడాలి. అందులో 100 కోట్లు అటవీ భూముల్లో అన్నారు. ఆ వందలో కొత్తగా నాటాల్సినవి 20 కోట్లే. మిగతా 80 కోట్లు క్షీణించిన అడవిలో పాత మోళ్ల నుంచి చిగుర్లు మళ్లీ లేచేలా కాపాడి పెంచాల్సినవి. అటవీ శాస్త్రం ప్రకారం ఇది మంచి పద్ధతే. నేలలో వేరు ముందే ఉంటుంది కాబట్టి ఖర్చు తక్కువ, బతికే అవకాశం ఎక్కువ. అయితే వినేవాళ్ల చెవిలో 230 కోట్లు అంటే 230 కోట్ల గుంతలే. నాటిన మొక్క, కాపాడిన మోడు ఒకే గంపలో పడ్డాక ‘ఎన్ని బతికాయి’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు.

అంకెల తగాదాకు టర్కీ మంచి ఉదాహరణ. 2019 నవంబర్ 11న ఆ దేశంలో రెండు వేలకు పైగా చోట్ల 1.1 కోట్ల మొక్కలు నాటారు. కొద్ది నెలలకే వ్యవసాయ, అటవీ ఉద్యోగుల సంఘం కొన్నిచోట్ల పరిశీలించి, తాము చూసిన వాటిలో 90 శాతం దాకా చనిపోయాయని ప్రకటించింది. ప్రభుత్వం మాత్రం 95 శాతం బతికే ఉన్నాయంది. నాటడానికి అది సరైన కాలం కాదని, నీళ్లు చాలలేదని సంఘం వాదన. ఇంత తేడా వచ్చినప్పుడు ఎవరు ఎక్కడ చూశారు, ఆ చోట్లను ఎలా ఎంచుకున్నారు అన్నది తేలకుండా ఏ అంకెనూ నమ్మలేం.

శాతం ఎక్కడ మారిపోతుంది

ఊహాజనితమైన లెక్క ఒకటి వేసి చూద్దాం. ఒక ఊరి రోడ్డు వెంట జూలైలో వెయ్యి మొక్కలు నాటారు. నవంబర్‌లో తనిఖీ చేస్తే 920 ఉన్నాయి. అంటే 92 శాతం. మే చివరికి మిగిలినవి 610. మళ్లీ వానలు పడగానే ఖాళీల్లో 300 కొత్త మొక్కలు పెట్టారు. అక్టోబర్‌లో చూస్తే వెయ్యి గుంతలకు 900కు పైగా పచ్చగా ఉన్నాయి. రిజిస్టర్‌లో 90 శాతం దాటింది. మూడో ఏడు చివర్లో పాతవీ కొత్తవీ కలిపి 700 మిగిలాయి. గుంతల లెక్కన ఇది 70 శాతం. నాటిన మొత్తం 1,300 మొక్కల లెక్కన దాదాపు 54 శాతం.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. ఖాళీలు పూరించడం, అంటే గ్యాప్ ఫిల్లింగ్, ఏ ప్లాంటేషన్‌లోనైనా చేయాల్సిన పనే. చిక్కల్లా దాన్ని రాసే తీరులో ఉంది. రెండో ఏడు పెట్టిన మొక్కను మొదటి ఏటి మొక్కగా లెక్కిస్తే, మొదటి వేసవిలో 39 శాతం ఎందుకు పోయాయన్న ప్రశ్న రికార్డులోంచి మాయమవుతుంది. కారణం తెలియనప్పుడు మూడో ఏడూ అదే జాతిని, అదే నర్సరీ నుంచి తెచ్చి, అదే లోతున పెడతారు. అటవీ శాఖ ప్లాంటేషన్ జర్నల్‌లో, అంటే ఒక్కో చోట చేసిన పనిని రాసే పుస్తకంలో, ఏటేటా నాటిన వాటిని విడివిడిగా రాయాలనేది ఇందుకే.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ఊళ్లలో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచి, పంచాయతీ కార్యదర్శుల మీద పెట్టింది. విఫలమైతే పదవి, ఉద్యోగం పోయే ప్రమాదం ఉంది. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. మరుసటి ఏడు వచ్చిన మున్సిపల్ చట్టంలోనూ ఇలాంటి నిబంధనలే ఉన్నాయి. నాటడం మీద కాకుండా బతకడం మీద బాధ్యత పెట్టడం సరైన దిశలో పడిన అడుగు. కానీ శిక్ష గట్టిగా ఉన్నచోట లెక్క ఎవరు తీస్తారన్నది మరింత ముఖ్యం. అంకె తగ్గితే కుర్చీ పోయేవాళ్లే ఆ అంకె రాసేవాళ్లయితే అది తగ్గదు.

సగం తీర్పు నర్సరీలోనే

మొక్క చనిపోతే నీళ్లు పోయలేదంటారు. చాలాసార్లు అది నిజమే, కానీ సగం నిజం. నల్ల పాలిథీన్ కవర్లో ఎక్కువ కాలం ఉండిపోయిన మొక్క వేరు అడుగుకు చేరి, దారి లేక గుండ్రంగా చుట్టుకుంటుంది. నేలలో పెట్టాక కూడా ఆ చుట్ట విడిపోదు. పైన ఏడాది, రెండేళ్లు పచ్చగానే ఉంటుంది. ఆ తర్వాత గట్టి ఎండకు ఎండిపోతుంది, లేదా ఈదురుగాలికి మొదలంటా ఒరిగిపోతుంది. తనిఖీ కాగితంలో మాత్రం ఈ మొక్క ‘బతికినది’.

ఇంకో రకం లోపం కవరు చిల్లుల్లోంచి నర్సరీ నేలలోకి దిగిన వేర్లు. కవర్లను అప్పుడప్పుడు జరిపి, బయటికొచ్చిన వేర్లను కత్తిరించకపోతే, లారీకి ఎత్తే రోజున తల్లివేరు తెగిపోతుంది. మొక్క ఆ సాయంత్రానికే తల వాలుస్తుంది. దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. నెలకోసారి కవర్ల వరస మార్చడం, పంపే ముందు రెండు మూడు వారాలు నీడ తగ్గించి నీళ్లు కుదించి ఎండకు అలవాటు చేయడం. నర్సరీ బిల్లు కవర్ల లెక్కన వస్తే ఈ పనికి విడిగా పైసలుండవు. అందుకే ముందుగా ఎగిరిపోయేది ఇదే.

మంచి మొక్కను గుర్తించడానికి ఎత్తు ఒక్కటే చాలదు. జనం, నాయకులు, చివరికి కొందరు అధికారులు కూడా పొడుగు మొక్కనే మెచ్చుకుంటారు. అటవీ నర్సరీల్లో వాడే సులువైన కొలత ఒకటుంది. మొక్క ఎత్తును సెంటీమీటర్లలో, మొదలు దగ్గర కాండం మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. జవాబు 6 లోపు ఉంటే గట్టి మొక్క. 8 దాటితే నీడలో సాగిపోయిన బలహీనమైనది. అంటే 6 మిల్లీమీటర్ల మొదలున్న మొక్క 36 సెంటీమీటర్లు ఉంటే బాగున్నట్టు. అదే మందంతో 60 సెంటీమీటర్లు ఉంటే ఫొటోకు అందంగా ఉంటుంది గానీ గాలికి ఆగదు. రోడ్ల పక్కన పెట్టే ఆరడుగుల పెద్ద మొక్కలకు ఈ అంకెలు వర్తించవు. అయితే వాటికీ మొదలి మందమే ప్రాణం.

గుంత దగ్గర చూడాల్సినవి

ఉపాధి హామీ కింద గుంత తవ్వకానికి కొలత ఉంది, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) నమోదు ఉంది, పై అధికారి మళ్లీ కొలిచి చూసే చెక్ మెజర్‌మెంట్ ఉంది. ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు అన్నది సాధారణంగా వాడే కొలత. గుంతకు ఇన్ని కొలతలు ఉన్నప్పుడు, అందులో మొక్క ఎలా కూర్చుందో చూడటానికి మాత్రం నిలబడి చూసే కన్ను తప్ప ఏమీ లేదు.

నాటిన వారంలో ఒక్కో మొక్క దగ్గర రెండు నిమిషాలు కూర్చుంటే తేలే విషయాలు ఇవి. మొదలు దగ్గర మట్టిని వేలితో తీస్తే నల్లని కవరు అంచు తగులుతుందా? తగిలితే కవరు చింపకుండానే పాతేశారన్నమాట. తెలుగు నేలమీద అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే, అన్నింటికన్నా సులువుగా ఆపగలిగే తప్పు ఇదే. కాండాన్ని రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకి లాగితే కదులుతోందా? కదిలితే మట్టిని చుట్టూ తొక్కి గట్టిపరచలేదు, వేరు చుట్టూ గాలి నిలిచింది. వేరు, కాండం కలిసేచోటు నేలమట్టానికి ఉందా, నాలుగు వేళ్ల కిందికి పోయిందా? లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది, మరీ పైకి పెడితే వేరు బయటపడి ఎండుతుంది. పాదు వాలుకు ఎగువ వైపు తెరిచి ఉందా? లేకుంటే వాన నీరు పక్కనుంచే జారిపోతుంది. ఊత కర్రకు కట్టిన తాడు కాండాన్ని కోస్తోందా? ఆకులన్నీ రాలిన మొక్క చనిపోయిందో లేదో తేల్చడానికి బెరడును గోటితో గీకి చూస్తారు. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

జాతిని బట్టి పద్ధతీ మారుతుంది. టేకును చాలాచోట్ల ఆకులతో ఉన్న మొక్కగా కాక స్టంపుగా నాటుతారు. ఏడాది వయసు మొక్కను తీసి, పైన రెండు మూడు సెంటీమీటర్ల కాండం, కింద జానెడు వేరు ఉంచి మిగతాది కోసేస్తారు. గడ్డపారతో పొడిచిన సన్నని కన్నంలో దాన్ని దించుతారు. ఇక్కడ పెద్ద గుంత అక్కర్లేదు, కన్నం అడుగున ఖాళీ మిగలకుండా పక్కనుంచి మట్టి బిగించడమే ముఖ్యం. గుంతల కొలతతోనే నాణ్యత చూసే అలవాటున్న తనిఖీకి ఈ పని సగం చేసి వదిలేసినట్టు కనిపిస్తుంది.

3.99 మీటర్ల తాడు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కలప కంపెనీలు నరికిన చోట తిరిగి అడవిని పెంచాలి. అక్కడ నాటేవాళ్లకు ఎక్కువగా మొక్కకు ఇంత అని కూలి ఇస్తారు. చురుకైన పనివాళ్లు రోజుకు వెయ్యికి పైగా నాటేస్తారు. మొక్క లెక్కన డబ్బు వచ్చేచోట తొందరలో నాణ్యత పడిపోవడం ఖాయం కాబట్టి తనిఖీ పద్ధతి కూడా అంతే పకడ్బందీగా తయారైంది.

తనిఖీదారు నాటిన నేలలో ముందే అనుకున్న దూరాల్లో ఆగి, మధ్యలో ఒక మేకు గుచ్చి, 3.99 మీటర్ల తాడుతో చుట్టూ తిరుగుతాడు. ఈ వింత కొలత ఎందుకంటే ఆ వ్యాసార్ధంతో గీసిన వలయం సరిగ్గా 50 చదరపు మీటర్లు, హెక్టారులో 200వ వంతు. లోపల 9 మొక్కలుంటే హెక్టారుకు 1,800 ఉన్నట్టు. వలయంలోని ఒక్కో మొక్కను లోతు, బిగువు, నిటారు, చుట్టుపక్కల దూరం, ఎంచుకున్న చోటు వారీగా చూస్తాడు. కొన్నింటిని తవ్వి వేరు వంకర తిరిగిందేమో చూస్తాడు. మంచివి ఎంత శాతమో తేలుతుంది. ఆ శాతం కాంట్రాక్టులో రాసుకున్న మెట్టు కిందికి పడితే చెల్లింపులో కోత పడుతుంది, లేదా మళ్లీ నాటాల్సి వస్తుంది. మొక్కలను నాటకుండా పొదల్లో దాచేసి లెక్కలో చూపించే మోసం అక్కడా ఉంది, దొరికితే పని పోతుంది.

అయితే ఆ వ్యవస్థకు అసలు బలం తాడు కాదు. 1987 నుంచి అక్కడ కంపెనీల మీద ఇంకో చట్టబద్ధమైన బాధ్యత ఉంది. పెట్టిన అడవి కలుపును, పొదలను దాటుకుని స్వతంత్రంగా ఎదిగే దశకు చేరిందని తేలేదాకా ఆ నేల కంపెనీ ఖాతాలోనే ఉంటుంది. దానికి ఏళ్లు పడుతుంది. నాటిన వారంలో ఒక పరీక్ష, ఏళ్ల తర్వాత ఇంకో పరీక్ష. మొదటిది పనివాళ్లకు, రెండోది యజమానికి. మన దగ్గర ఈ రెండింటినీ కలిపి ‘సర్వైవల్’ (బతికిన శాతం) అనే ఒక్క అంకెలో ఇరికించడం వల్ల కూలివాడి తప్పు, నర్సరీ తప్పు, ట్యాంకర్ రాకపోవడం, మేకలు పడటం అన్నీ ఒకే గుడ్డలో మూటగట్టినట్టయింది.

ఎన్ని మొక్కలు చూస్తే నమ్మొచ్చు?

ప్రతి మొక్కనూ లెక్కించడం ఒక ఊరికైతే సాధ్యం, జిల్లాకు కాదు. యాదృచ్ఛికంగా ఎంచిన 100 మొక్కల్లో 80 బతికి ఉంటే, అసలు శాతం ఇంచుమించు 72కూ 88కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అదే 200 చూస్తే 85 శాతం దగ్గర తేడా అటూ ఇటూ ఐదుకు తగ్గుతుంది. అంటే వంద మొక్కల తనిఖీతో ‘83 వచ్చింది కాబట్టి 85 తప్పింది’ అని ఎవరి మీదా చర్య తీసుకోవడం న్యాయం కాదు. ఇంకెవరికో 87 వచ్చిందని సన్మానం చేయడమూ అంతే.

ఇక్కడ యాదృచ్ఛికం అన్న మాటే ప్రాణం. జీపు ఆగే చోట, బడి ముందు, పంచాయతీ ఆఫీసు పక్కన ఉన్న మొక్కలకు నీళ్లు ఎక్కువ అందుతాయి. తనిఖీ బృందం ముందే చెప్పి వస్తే అవే చూస్తుంది. గుట్ట వెనక, ఊరి చివర, చౌడు నేలలో ఉన్నవి శాంపిల్‌లోకి రావు. జాబితాలోంచి నంబర్లు లాటరీ తీసి, బయలుదేరే ఉదయమే చెప్పడం లాంటి చిన్న మార్పుకు పైసా ఖర్చు లేదు. నాటినవాళ్ల శాఖ కాకుండా పక్క మండలం బృందం చూస్తే ఇంకా మేలు.

ఫొటో ఏం చెబుతుంది, ఉపగ్రహం ఏం చూస్తుంది

జియోట్యాగింగ్ వచ్చాక సమస్య తీరిపోయిందన్న నమ్మకం ఉంది. జియోట్యాగ్ చేసిన ఫొటో ఫలానా రోజు ఫలానా చోట ఒక మొక్క ఉందని చెబుతుంది. ఆ సమాచారం విలువైనదే, కాగితం మీదే నాటిన మొక్కలను ఆపుతుంది. కవరు చింపారా, వేరు చుట్టుకుందా అన్నది ఫొటోలో కనిపించదు. ఏడాది తర్వాత అదే చోటికెళ్లి రెండో ఫొటో తీస్తేనే మొదటిదానికి అర్థం.

ఉపగ్రహం సంగతి ఇంకా వేరు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుంచి సుమారు రెండేళ్లకోసారి ఇచ్చే నివేదికల్లో వాడే చిత్రంలో ఒక్కో చుక్క నేలమీద 23.5 మీటర్లకు 23.5 మీటర్లు, అంటే దాదాపు పదమూడున్నర సెంట్లు. కనీసం ఒక హెక్టారు విస్తీర్ణం, పది శాతం కొమ్మల కప్పు (పైనుంచి చూస్తే కొమ్మలు, ఆకులు కప్పేసిన నేల) ఉంటేనే అడవి కింద లెక్క. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. మూడేళ్ల మొక్కలు ఇందులో కనిపించవు, మామిడి తోట కనిపిస్తుంది. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌లో 647, తెలంగాణలో 632 చదరపు కిలోమీటర్ల అడవి పెరిగిందని వచ్చినప్పుడు అది మొక్కల కార్యక్రమం ఘనతేనన్నారు. 2023 నివేదికలో రెండు రాష్ట్రాల్లోనూ తగ్గింది. ఆ పెరుగుదలను ఈ కార్యక్రమం ఖాతాలో వేయడం ఎంత తొందరపాటో, ఈ తగ్గుదలను దాని నెత్తిన రుద్దడమూ అంతే. హిమాచల్‌లోని కాంగ్రా జిల్లాలో దశాబ్దాల ప్లాంటేషన్లను పరిశీలించి 2021లో వెలువడిన అధ్యయనం మాత్రం, నాటడం వల్ల అడవి కప్పు చెప్పుకోదగ్గంత పెరగలేదని తేల్చింది.

బతికినా పనికిరానివి

బతకడమే నాణ్యత అయితే ఫస్టు ర్యాంకు కోనోకార్పస్ అనే విదేశీ చెట్టుకు ఇవ్వాలి. నీళ్లు లేకున్నా, పశువులు తిరిగినా గుబురుగా పెరుగుతుంది. 85 శాతం లక్ష్యం నెత్తిమీద ఉన్న నర్సరీలు దానివైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. డివైడర్ల నిండా అదే వచ్చింది. తర్వాత అలర్జీ భయాలు, డ్రైనేజీ పైపుల్లోకి వేర్లు దూరడం మీద ఫిర్యాదులు రావడంతో తెలంగాణలో దాన్ని పెంచవద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది. కరెంటు తీగల కింద పెట్టిన రావి, మర్రిదీ ఇలాంటి కథే. బతుకుతాయి, ఏటా లైన్‌మెన్ తల నరుకుతాడు. కాబట్టి తనిఖీ పత్రంలో ‘ఈ చోటికి ఈ చెట్టు సరైనదేనా’ అన్న గడి నాటకముందే నింపాల్సినది.

కూలి ఎలా కడితే పని అలా

గుంతకు డబ్బిస్తే గుంతలు వస్తాయి, నాటినదానికిస్తే నాటినవి వస్తాయి. బిహార్‌లో ఉపాధి హామీ కింద 200 మొక్కలను ఒక యూనిట్‌గా పేద కుటుంబాలకు అప్పగించి, బతికిన శాతాన్ని బట్టి కూలి కట్టే పద్ధతి పెట్టారు. నీళ్లు మోసే మనిషికి మే నెలలో ఆ మొక్కతో సొంత అవసరం ఉంటుంది. తెలంగాణలో పంచాయతీలన్నింటికీ ట్రాక్టర్, ట్యాంకర్ వచ్చాయి, ఊరూరా నర్సరీ ఉంది. సరంజామాకు అంతగా లోటు లేదు. అయితే నిధులు ఆగి డీజిల్ బిల్లు పేరుకుపోయిన నెల సాధారణంగా ఏ నెలో చూడాలి. అది ఏప్రిల్ అయితే ఎంత మంచి నర్సరీ అయినా ఆ నష్టాన్ని పూడ్చలేదు.

చెట్లు పెంచినవాళ్లకు ప్రతిఫలంగా పాయింట్లు ఇచ్చే కేంద్రం గ్రీన్ క్రెడిట్ నిబంధనల్లోనూ నాటడం నుంచి బతకడం వైపు ఈ మార్పు కనిపిస్తోంది. 2024లో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు ఉండాలని, చెట్టుకో క్రెడిట్ ఇస్తామని అన్నారు. 2025లో సవరించి, ఐదేళ్లు నిండాక, కొమ్మల కప్పు 40 శాతానికి చేరితేనే క్రెడిట్ అన్నారు. రాష్ట్రాల కార్యక్రమాలూ ఇదే దారి పడితే మొదట కనిపించే ఫలితం అంకెలు చిన్నవి కావడం. ఐదేళ్ల నీళ్లు, కాపలా, కలుపు ఖర్చు మొదటిరోజే కలిపితే ఒక్కో మొక్క ఖరీదు కొన్ని రెట్లవుతుంది. అదే బడ్జెట్‌లో నాటేవి ఆ మేరకు తగ్గుతాయి. పది లక్షల చోట మూడు లక్షలు అని ప్రకటించాల్సి వచ్చిన జిల్లా, పక్క జిల్లా కన్నా వెనకబడినట్టు కనిపిస్తుంది. సమీక్షా సమావేశాల్లో జిల్లాలకు ర్యాంకులిచ్చే పట్టికలో ‘ఈ ఏడు నాటినవి’ అన్న గడి పక్కన ‘మూడేళ్ల కిందట నాటినవాటిలో ఉన్నవి’ అన్న గడి చేరేదాకా ఆ భయం పోదు.